నిర్వానా 'లైవ్ ఎట్ రీడింగ్' ఆల్బమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

రాక్ సంగీతం గురించి మాట్లాడుకునే ప్రతిచోటా ఈ ఆల్బమ్ మీద అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. చక్రాల కుర్చీ కథ నిజమేనా, సీడీలో ఒక పాట ఎందుకు లేదు, ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది అని. వాటన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, దేనికదే చదువుకోవచ్చు.

## వినడానికి ముందు

అసలు ఇది ఏ ఆల్బమ్? కొత్త పాటలా, పాతవా?

1992 ఆగస్టు 30, ఆదివారం రాత్రి ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఫెస్టివల్‌లో అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వానా ఇచ్చిన కచేరీ రికార్డింగ్ ఇది. ఆల్బమ్‌గా బయటికి వచ్చింది 2009 నవంబర్‌లో. అంటే కచేరీకీ ఆల్బమ్‌కీ మధ్య పదిహేడేళ్ల దూరం. ఇలా దాచిన టేపుల్లోంచి తీసి విడుదల చేసేవాటినే ఆర్కైవల్ లైవ్ ఆల్బమ్ అంటారు. స్టూడియోలో చేసిన కొత్త పాట ఒక్కటి కూడా ఇందులో లేదు.

నాకు నిర్వానా అంటే 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' పాట ఒక్కటే తెలుసు. దీంతో మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టొచ్చు. నిజానికి చాలామందికి ఇదే మంచి ప్రవేశం అని నా అభిప్రాయం. 1991లో వచ్చిన 'నెవర్‌మైండ్' ఆల్బమ్‌లోని పన్నెండు పాటల్లో పదకొండు ఆ రాత్రి వాయించారు. లేనిది 'సమ్‌థింగ్ ఇన్ ద వే' మాత్రమే. దానికి ముందు 1989లో వచ్చిన 'బ్లీచ్' నుంచి ఐదు, అప్పటికి ఇంకా రికార్డే చేయని 'ఇన్ యుటెరో' నుంచి మూడు పాటలు ఉన్నాయి. అంటే ఆ బ్యాండ్ మూడు దశలూ ఒకే రాత్రిలో వినిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: సౌండ్ గరుకుగా ఉంటుంది. స్టూడియో నునుపు కోసం చూసేవాళ్లు ముందు 'నెవర్‌మైండ్' వినడం మంచిది.

ఆ రోజు స్టేజీ మీద ఎవరెవరున్నారు?

ముగ్గురే. గిటార్, గొంతు కర్ట్ కొబేన్. బాస్ గిటార్ క్రిస్ట్ నొవొసెలిక్. డ్రమ్స్ డేవ్ గ్రోల్. తర్వాత ఫోటోల్లో, వీడియోల్లో కనిపించే రెండో గిటారిస్ట్ పాట్ స్మియర్ 1993లో చేరాడు, కాబట్టి ఇందులో లేడు. వీడియోలో వీళ్ల మధ్య ఒంటిమీద స్పృహ లేనట్టు చిందులేసే నాలుగో మనిషి ఒకడు కనిపిస్తాడు. అతను బివోవాక్ అనే బ్రిటిష్ బ్యాండ్ డ్రమ్మర్ ఆంటొనీ హాడ్జ్‌కిన్సన్. వాయించడానికి రాలేదు, నాట్యం చేయడానికే వచ్చాడు.

రీడింగ్ అంటే ఏంటి? పుస్తకాలు చదవడమా?

ఊరి పేరు. లండన్‌కి పడమరగా, బర్క్‌షైర్‌లో, థేమ్స్ నది దగ్గర ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఆ పేరుని 'రెడింగ్' అని పలుకుతారు. కానీ మన దగ్గర అందరూ 'రీడింగ్' అనే అంటున్నారు కాబట్టి ఇక్కడా అలాగే ఉంచాను. 1971 నుంచి ఆ ఊళ్లో, కొన్నేళ్లు మినహా, ఏటా ఆగస్టు చివరి వారాంతంలో పెద్ద సంగీతోత్సవం జరుగుతోంది. 1992లో శుక్రవారం ద వండర్ స్టఫ్, శనివారం పబ్లిక్ ఎనిమీ, ఆదివారం నిర్వానా ప్రధాన ఆకర్షణ.

ఇందులో బూతులు ఉంటాయా? ఇంట్లో పిల్లల ముందు పెట్టొచ్చా?

పాటల మధ్య మాటల్లో, కొన్ని పాటల్లో కూడా ఉంటాయి. వీడియో చివర వాద్యాలు విరగ్గొట్టడమూ ఉంటుంది. పదిహేనేళ్లు దాటినవాళ్లతో కలిసి చూడటానికి అభ్యంతరం లేదు, చిన్నపిల్లలకి వద్దు.

## ఆ రాత్రి గురించి

కర్ట్ చక్రాల కుర్చీలో ఎందుకొచ్చాడు? నిజంగానే ఒంట్లో బాగోలేదా?

అది నాటకం, కావాలని చేసిందే. ఆ వేసవి అంతా బ్రిటిష్ సంగీత పత్రికల్లో నిర్వానా విడిపోతోందనీ, కర్ట్ ఆరోగ్యం పాడైందనీ, రీడింగ్ కచేరీ జరగదనీ పుకార్లు నడిచాయి. వాటికి జవాబుగా అతను ఆస్పత్రి గౌను లాంటి తెల్ల బట్టలు, బంగారు రంగు విగ్గు వేసుకుని చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. 'మెలొడీ మేకర్' పత్రిక విలేకరి ఎవరెట్ ట్రూ ఆ కుర్చీని స్టేజీ మీదికి తోసుకొచ్చాడు. కర్ట్ కష్టంగా లేచినట్టు లేచి, మైకు పట్టుకుని, బెట్ మిడ్లర్ పాడగా ప్రసిద్ధమైన 'ద రోజ్' పాటలో ఒక ముక్క పాడి వెల్లకిలా పడిపోయాడు. కాసేపటికి లేచి గిటార్ తగిలించుకుని 'బ్రీడ్' మొదలుపెట్టాడు.

ఈ దృశ్యం ఫోటోలు, క్లిప్పులు ఎంతగా తిరిగాయంటే, దీని తర్వాత వచ్చిన గంటన్నర సంగీతం వెనక్కి పోయింది. నాకు బాధ కలిగించే విషయం ఇదే. 1994 ఏప్రిల్‌లో కర్ట్ ఆత్మహత్య చేసుకున్నాడని మనకి తెలుసు కాబట్టి, ఆ కుర్చీలో అందరం రాబోయే విషాదాన్ని వెతుకుతాం. కానీ ఆ రాత్రి అక్కడున్న మనిషికి పాతికేళ్లు. హాస్యం చేసే ఓపిక ఉంది, గొంతులో పూర్తి బలం ఉంది, పక్కన ఇద్దరు స్నేహితులున్నారు. ఆల్బమ్ వింటే తెలిసేది ఆ మనిషి.

అయితే పుకార్లలో నిజమే లేదా?

కొంత ఉంది, దాన్ని దాచక్కర్లేదు. కర్ట్ హెరాయిన్ వ్యసనంతో పోరాడుతున్నాడు, ఆ నెలలోనే లాస్ ఏంజెలెస్‌లో చికిత్స తీసుకున్నాడు. భార్య కర్ట్‌నీ లవ్ గురించి 'వానిటీ ఫెయిర్' పత్రికలో వచ్చిన వ్యాసం ఆ కుటుంబాన్ని బాగా దెబ్బతీసింది. ఆగస్టు 18న వాళ్లకి కూతురు ఫ్రాన్సెస్ బీన్ పుట్టింది. అంటే కచేరీ నాటికి పాప వయసు పన్నెండు రోజులు. ఇన్ని ఒత్తిళ్ల మధ్య వచ్చి వాయించాడు. అబద్ధమైంది ఒక్కటే: ఇతను స్టేజీ ఎక్కలేడు, బ్యాండ్ పని అయిపోయింది అన్న మాట.

బ్యాండ్ బాగా రిహార్సల్ చేసిందా?

లేదు. జులై మొదట్లో యూరప్ పర్యటన ముగిశాక ఇదే వాళ్ల మొదటి కచేరీ. ముందు జరిగిన సాధన నామమాత్రమేననీ, ఇది ఘోరంగా విఫలమవుతుందని తను భయపడ్డాననీ డేవ్ గ్రోల్ తర్వాతి ఇంటర్వ్యూల్లో చెప్పాడు. రికార్డింగ్ వింటే ఆ టెన్షన్ మొదటి రెండు పాటల్లోనే ఆవిరైపోవడం తెలుస్తుంది. సాధన తక్కువ కావడం వల్ల కొన్నిచోట్ల జారుడు ఉంది. కానీ సాధన ఎక్కువైన కచేరీల్లో దొరకని ఆత్రం కూడా ఉంది.

మిగతా బ్యాండ్లని కర్ట్ ఎంచుకున్నాడంటారు, నిజమేనా?

ఆదివారం కార్యక్రమంలో అతని ఇష్టం బాగా కనిపిస్తుంది. మడ్‌హనీ, ద మెల్విన్స్, స్క్రీమింగ్ ట్రీస్, ఎల్7, టీనేజ్ ఫ్యాన్‌క్లబ్, యూజీనియస్ ఆ రోజు వాయించారు. వీళ్లలో చాలామంది అతని స్నేహితులు లేదా అతను అభిమానించినవాళ్లు. మెల్విన్స్ అయితే అతను కుర్రాడిగా ఉన్నప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో సొంత ఊరి దగ్గర చూసి నేర్చుకున్న బ్యాండ్. ఆస్ట్రేలియన్ గాయకుడు నిక్ కేవ్ కూడా అదే రోజు. వీళ్లందరి మధ్యలో స్వీడన్ పాప్ బృందం ఆబా పాటలు అనుకరించే బ్యోర్న్ అగెయిన్ ఉండటం చూసి ఆశ్చర్యపోకండి, ఆ ఎంపిక కూడా నిర్వానా అభిరుచికి తగ్గదే.

'ఆల్ అపాలజీస్' పాట ముందు కర్ట్ ఏం చెప్పాడు?

ఆ పాటని భార్యకీ, పన్నెండు రోజుల పాపకీ అంకితమిచ్చాడు. ఈమధ్య తన భార్య గురించి చాలా రాశారనీ, అందరూ తనని ద్వేషిస్తున్నారని ఆమె అనుకుంటోందనీ చెప్పాడు. కచేరీ రికార్డవుతోంది కాబట్టి అందరూ కలిసి ఆమెకొక మాట చెప్పాలని కోరాడు. అంత పెద్ద జనం ఒక్క గొంతుతో 'కర్ట్‌నీ, నిన్ను ప్రేమిస్తున్నాం' అని అరిచారు.

ఆ తర్వాత వచ్చే పాట ఏడాది తర్వాత గానీ ఆల్బమ్‌లో రాలేదు. అక్కడున్నవాళ్లలో ఎక్కువమంది అదే మొదటిసారి వినడం. స్టూడియో రూపంలో వినిపించే చెల్లో ఇందులో లేదు. మూడు వాద్యాలు, అలిసిన గొంతు, అంతే. మొత్తం కచేరీలో నేను మళ్లీ మళ్లీ వెళ్లి వినేది ఈ ఐదు నిమిషాలే.

'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' మొదట్లో వేరే పాట వాయిస్తారేంటి?

అది అమెరికన్ బ్యాండ్ బోస్టన్ 1976లో చేసిన 'మోర్ దేన్ ఎ ఫీలింగ్'. నిర్వానా పాటలోని గిటార్ వరస దాన్ని పోలి ఉందని అప్పటికే అందరూ అంటున్నారు. దాన్ని దాటవేయకుండా ఆ ముక్కే ముందు వాయించి, పాడి, జనాన్ని నవ్వించి, అక్కణ్నుంచి తమ పాటలోకి దూకారు. తమ పెద్ద హిట్ పాట మీద విసుగు పుట్టిన దశలో కూడా దాన్ని ఇంత ఉత్సాహంగా వాయించడం చూడటానికి హాయిగా ఉంటుంది.

చివర్లో వాద్యాలు ఎందుకు విరగ్గొడతారు?

నిర్వానాకి అది మొదట్నుంచీ అలవాటు. చిన్న హాళ్లలో వాయించిన రోజుల్లోనూ చేసేవాళ్లు. రీడింగ్‌లో ఆఖరి పాట 'టెరిటోరియల్ పిస్సింగ్స్' అయ్యాక అదే జరిగింది. నేల మీద పడ్డ గిటార్ నుంచి వచ్చే ఫీడ్‌బ్యాక్ గోలని వీడియోలో చూస్తూ వింటే అర్థం ఉంటుంది, సీడీలో వింటే చాలామందికి విసుగు పుడుతుంది. రెండూ సహజమే.

బ్రిటన్‌లో ఇదే వాళ్ల ఆఖరి కచేరీనా?

అవును, అలాగే మిగిలిపోయింది. స్టేజీ మీద కర్ట్ ఇది తమ చివరి కచేరీ కాదని స్పష్టంగా ప్రకటించాడు, బ్యాండ్ ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఇతర దేశాల్లో వాయించింది కూడా. 1994 వసంతంలో బ్రిటన్ తేదీలు ఖరారయ్యాయి గానీ, ఆ పర్యటన మధ్యలోనే ఆగిపోవడంతో అవి జరగలేదు.

నిర్వానా రీడింగ్‌లో వాయించడం అదే మొదటిసారా?

కాదు, రెండోసారి. 1991 ఆగస్టు 23న మొదటిసారి వాయించారు, అదీ పగటిపూట, పెద్ద బ్యాండ్లకి ముందు. 'నెవర్‌మైండ్' రావడానికి అప్పటికి ఇంకా నెల రోజులుంది. పన్నెండు నెలలు తిరిగేసరికి అదే ఉత్సవంలో ఆఖరి రాత్రి ఆఖరి బ్యాండ్ అయ్యారు. ఆ రెండు తేదీల మధ్యే, 1992 జనవరిలో, 'నెవర్‌మైండ్' అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

## టేపు ఆల్బమ్‌గా మారిన తీరు

1992లో వాయిస్తే 2009లో ఎందుకు విడుదల చేశారు?

కర్ట్ బతికున్నప్పుడు బ్యాండ్ దృష్టి కొత్త ఆల్బమ్ మీద ఉంది. 1994లో అతను చనిపోయాక, ఆ ఏడాదే ఎలక్ట్రిక్ హోరు లేకుండా ఎంటీవీ కోసం వాయించిన అన్‌ప్లగ్డ్ కచేరీ, 1996లో వేర్వేరు ఊళ్ల పాటలు కలిపిన ఒక లైవ్ సంకలనం వచ్చాయి. ఆ తర్వాత బ్యాండ్ వారసత్వం మీద నిర్ణయాధికారం ఎవరిదన్న విషయంలో నొవొసెలిక్, గ్రోల్ ఒకవైపు, కర్ట్‌నీ లవ్ ఒకవైపు కోర్టుకెళ్లారు. 2002లో రాజీ కుదిరాక గానీ పాత టేపులు వరసగా బయటికి రాలేదు. ముందు 2002లో హిట్ పాటల ఆల్బమ్, తర్వాత 2004లో పెద్ద బాక్స్ సెట్, ఆపైన 2009లో రీడింగ్.

ఆర్కైవల్ ఆల్బమ్‌లు ఆలస్యం కావడానికి సాధారణంగా ఇలాంటి కారణాలే ఉంటాయి. టేపు ఒకరి దగ్గర, వీడియో ఇంకొకరి దగ్గర, పాటల హక్కులు మరొకరి దగ్గర ఉంటాయి. అందరి సంతకాలూ పడేదాకా ఏదీ కదలదు.

అంతకు ముందు ఈ కచేరీ ఎవరూ వినలేదా?

విన్నారు, ముక్కలు ముక్కలుగా. దొంగ క్యాసెట్లు, దొంగ సీడీలు, వీడియో కాపీలు ఏళ్ల తరబడి చేతులు మారాయి. 1994లో వచ్చిన 'లైవ్! టునైట్! సోల్డ్ అవుట్!!' అనే వీడియోలో ఈ రాత్రి దృశ్యాలు కొన్ని ఉన్నాయి. 1996 నాటి 'ఫ్రమ్ ద మడ్డీ బ్యాంక్స్ ఆఫ్ ద విష్కా' సంకలనంలోని 'టురెట్స్' పాట ఇక్కడ రికార్డయిందే. 2009లో కొత్తగా జరిగింది ఏమిటంటే, మొత్తం కచేరీ, సరైన క్రమంలో, మంచి సౌండ్‌తో అధికారికంగా దొరకడం.

దొంగ కాపీకీ దీనికీ సౌండ్‌లో తేడా ఎక్కడ వస్తుంది?

జనంలో నిలబడి చిన్న రికార్డర్‌తో తీసింది అయితే పక్కవాడి అరుపులు దగ్గరగా, డ్రమ్స్ దూరంగా వినిపిస్తాయి. మిక్సింగ్ బల్ల నుంచి నేరుగా తీసింది అయితే గొంతు స్పష్టంగా ఉంటుంది గానీ గిటార్ పలచబడుతుంది, జనం లేనట్టే ఉంటుంది. ఎందుకంటే ఆ మిక్స్ మైదానంలో స్పీకర్ల కోసం చేసింది, ఇంట్లో వినడం కోసం కాదు.

మల్టీట్రాక్ రికార్డింగ్ పద్ధతి వేరు. ప్రతి డ్రమ్ముకీ, గిటార్ శబ్దాన్ని పెంచే ప్రతి ఆంప్‌కీ, ప్రతి గొంతుకీ, జనానికీ వేర్వేరు మైకులు పెట్టి, వాటిని టేపు మీద విడివిడి ట్రాకులుగా ఎక్కిస్తారు. ఏళ్ల తర్వాత ఇంజనీరు వాటిని తీసి, ఏది ఎంత వినిపించాలో ప్రశాంతంగా నిర్ణయించుకోవచ్చు. రీడింగ్ ఆల్బమ్‌లో బాస్ గిటార్ ప్రతి స్వరమూ విడిగా పట్టుకోగలగడానికి కారణం అదే. డీవీడీకి 5.1 సరౌండ్ సౌండ్ చేయగలిగారంటే కూడా అందుకే.

తర్వాత స్టూడియోలో తప్పులు సరిదిద్దారా?

లైవ్ ఆల్బమ్‌లలో అది మామూలే. గాయకుణ్ని పిలిచి తప్పిన పంక్తి మళ్లీ పాడించి అతికిస్తారు. ఇక్కడ ఆ దారి లేదు, ఆల్బమ్ వచ్చేనాటికి పాడినవాడు పోయి పదిహేనేళ్లయింది. గొంతు పగిలినచోట పగిలినట్టే ఉంది, స్వరం జారినచోట జారినట్టే ఉంది. ఇంజనీరు చేతిలో ఉన్నది శబ్దాల పాళ్లు సరిచూడటం, మాటల్ని కత్తిరించడం వరకే.

సీడీలో 'లవ్ బజ్' ఎందుకు లేదు?

నిడివి సమస్య. ఒక సీడీలో పట్టేది దాదాపు 80 నిమిషాలు. ఆ రాత్రి వాయించింది 25 పాటలు, మధ్యలో బోలెడు కబుర్లు. ఒక్క డిస్కులో సర్దడానికి ఆ ఒక్క పాటనీ, పాటల మధ్య మాటల్లో చాలా భాగాన్నీ తీసేశారు. డీవీడీలో పాట ఉంది.

ఈ నిర్ణయం నాకు నచ్చలేదు. 'లవ్ బజ్' నెదర్లాండ్స్ బ్యాండ్ షాకింగ్ బ్లూ 1969లో చేసిన పాట, నిర్వానా 1988లో విడుదల చేసిన మొట్టమొదటి సింగిల్. ప్రపంచ ప్రసిద్ధులయ్యాక కూడా దాన్ని వదలకుండా వాయించారంటే దానికి వాళ్ల కథలో ఉన్న చోటు అలాంటిది. రెండు డిస్కులుగా వేసి ఉంటే ఏం పోయేది?

## వినేటప్పుడు

పాటలు 'నెవర్‌మైండ్'లో ఉన్నట్టు లేవు. ఇది బాగోలేదా, నేను వినడం రాకపోవడమా?

రెండూ కాదు. 'నెవర్‌మైండ్'లో నిర్మాత బుచ్ విగ్ కర్ట్ చేత ఒకే పంక్తిని రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి వేశాడు. గిటార్లూ అలాగే పొరలు పొరలుగా పెట్టాడు. అందుకే ఆ మెరుపు. స్టేజీ మీద ఒక గొంతు, ఒక గిటార్ మాత్రమే. వేగం కూడా కాస్త పెరుగుతుంది. 'బ్రీడ్', 'స్టే అవే' పక్కపక్కన పెట్టి వినండి, లైవ్‌లో పాట ఎక్కడ పలచబడిందో, ఎక్కడ బరువెక్కిందో వెంటనే అర్థమవుతుంది.

ఏ వాద్యం మీద దృష్టి పెట్టాలి?

బాస్ మీద. ముగ్గురే ఉన్న బ్యాండ్‌లో గిటారిస్ట్ సోలోకి వెళ్లగానే తాళంగా వాయించే రెండో గిటార్ ఉండదు. పాట కూలిపోకుండా ఆ ఖాళీని నొవొసెలిక్ ఒక్కడే నింపుతాడు. 'లౌంజ్ యాక్ట్' మొదలయ్యేదే బాస్ మీద. వాళ్లు కచేరీల్లో చాలా అరుదుగా వాయించిన పాట అది, ఈ రాత్రి దొరికింది. 'ఎన్యూరిజమ్', 'డ్రెయిన్ యూ' పాటల మధ్య భాగాల్లో గిటార్ గోలగా మారినప్పుడు బాస్‌నీ డ్రమ్స్‌నీ పట్టుకుని నడవండి, దారి తప్పదు.

డేవ్ గ్రోల్ గురించి వేరే చెప్పక్కర్లేదు, అతను మిమ్మల్ని వదలడు.

అప్పటికి విడుదల కాని పాటలు ఏవి?

మూడు: 'టురెట్స్', 'ఆల్ అపాలజీస్', 'డమ్'. ఇవి 1993 సెప్టెంబర్‌లో 'ఇన్ యుటెరో' ఆల్బమ్‌లో వచ్చాయి. దాన్ని 1993 ఫిబ్రవరిలో మినెసోటాలో స్టీవ్ ఆల్బినీ రికార్డు చేశాడు. రీడింగ్‌లో ఈ పాటలు చాలావరకు తయారైన రూపంలోనే వినిపిస్తాయి. కొత్త పాటలు రాయడం ఆగిపోయిందన్న మాటకి ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

ఇతరుల పాటలు ఏమైనా వాయించారా?

'లవ్ బజ్' కాకుండా ఇంకో రెండు, రెండూ చివరి భాగంలో. 'ద మనీ విల్ రోల్ రైట్ ఇన్' కాలిఫోర్నియా పంక్ బ్యాండ్ ఫ్యాంగ్‌ది. 'డి-7' పోర్ట్‌లండ్ బ్యాండ్ ద వైపర్స్ 1980లో చేసింది. నెమ్మదిగా, బెదిరించినట్టు మొదలై, ఒక్కసారిగా పరుగందుకునే ఈ రెండో పాటని దాటేయకండి. లక్షల రికార్డులు అమ్ముడైన బ్యాండ్, తన అతిపెద్ద రాత్రి చివర్లో, అక్కడున్న జనంలో చాలామందికి తెలియని చిన్న బ్యాండ్ల పాటలు వినిపించింది. తను ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పడం కర్ట్‌కి ఎప్పుడూ ముఖ్యమే.

జనం పాడటం ఎక్కడ బాగా వినిపిస్తుంది?

'లిథియమ్'లో. చరణాలు మెత్తగా, మాటలు విడివిడిగా ఉంటాయి కాబట్టి జనం గొంతు పైకి తేలుతుంది. సినిమా హాల్లో మొదటి రోజు మొదటి ఆటకి పాట మొదలవగానే లేచే గొంతుల్లా ఉంటుంది. 'కమ్ యాజ్ యూ ఆర్'లోనూ వినొచ్చు.

మొత్తం ఒకేసారి వినాలా? పాటలు కలగలిపి వింటే ఏమవుతుంది?

మొదటిసారి మాత్రం వరసలోనే వినండి. ఈ కచేరీకి ఒక నడక ఉంది. మొదటి నాలుగు పాటలు ఊపిరి తీసుకోనివ్వవు, తెలిసిన హిట్లు మధ్యలో వస్తాయి, 'ఆల్ అపాలజీస్'తో మనసు మెత్తబడుతుంది, 'బ్లూ'తో ప్రధాన భాగం అయిపోతుంది. మళ్లీ వచ్చి 'డమ్'తో నెమ్మదిగా మొదలుపెట్టి చివరికి గోలలో ముగిస్తారు. కలగలిపి వింటే ఇది విడివిడి లైవ్ పాటల సంచి అవుతుంది, ఆ రాత్రి పోతుంది.

## కొనేటప్పుడు

సీడీనా, డీవీడీనా, ఎల్పీనా?

ఒక్కటే తీసుకోగలిగితే డీవీడీ. 25 పాటలూ ఉంటాయి, మాటలు ఉంటాయి, కుర్చీ దృశ్యం నుంచి వాద్యాలు విరిగేదాకా మొత్తం కనిపిస్తుంది. సీడీ, డీవీడీ కలిపిన ప్యాక్ దొరికితే ఇంకా మంచిది. ప్రయాణంలో వినడానికి సీడీ లేదా స్ట్రీమింగ్ చాలు. రెండు డిస్కుల ఎల్పీకి ఒక ఇబ్బంది ఉంది: సుమారు ఇరవై నిమిషాలకోసారి వైపు మార్చాలి, ఇలాంటి కచేరీకి ఆ విరామం నప్పదు. ఎల్పీలు సేకరించే అలవాటున్నవాళ్లకి అది అడ్డంకి కాదు.

పాత వస్తువులు అమ్మేవాళ్ల దగ్గర 'రీడింగ్ 1992' అని ఇంకో సీడీ కనిపించింది. కొనాలా?

వద్దు. 2009కి ముందు తయారైన రీడింగ్ సీడీ ఏదైనా అనధికారికమే. లేబుల్ మీద విడుదల చేసిన సంస్థ గెఫెన్ పేరు, 'లైవ్ ఎట్ రీడింగ్' అన్న శీర్షిక ఉన్నాయో లేదో చూసుకోండి. 1991 కచేరీ రికార్డింగ్‌ని 1992ది అని అంటగట్టడం కూడా జరుగుతుంటుంది. పాటల జాబితాలో 'డమ్', 'ఆల్ అపాలజీస్' ఉంటే 1992 కచేరీ అని అర్థం.

## విన్న తర్వాత

ఇది నచ్చింది. నిర్వానా లైవ్‌లో తర్వాత ఏది వినాలి?

'లైవ్ ఎట్ ద పారమౌంట్' వినండి. 1991 అక్టోబర్ 31న సియాటిల్‌లో, అంటే పేరు అప్పుడప్పుడే పాకుతున్న వారాల్లో వాయించింది. 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన దాని వీడియో 2011లో వచ్చింది. వాయించడంలో కచ్చితత్వం రీడింగ్ కన్నా ఎక్కువ, సరదా తక్కువ. ఆ తర్వాత 1993 డిసెంబర్ 13న సియాటిల్ రేవులో జరిగిన 'లైవ్ అండ్ లౌడ్'. అందులో పాట్ స్మియర్, చెల్లో కూడా ఉంటాయి కాబట్టి మూడు వాద్యాల శబ్దానికీ దానికీ తేడా చెవికి తెలుస్తుంది.

మరి అన్‌ప్లగ్డ్? అందరూ అదే గొప్పదంటారు కదా.

1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో రికార్డయిన ఆ కచేరీ నిజంగా గొప్పది, గ్రామీ అవార్డు కూడా తెచ్చుకుంది. కానీ అది నిర్వానా ప్రత్యేకంగా, ఒక్కసారి, గిటార్లు మార్చుకుని చేసిన ప్రయోగం. రోజువారీ నిర్వానా అది కాదు. గట్టి శబ్దంతో, ముగ్గురితో, చెమటతో వాయించే బ్యాండ్ ఎలా ఉండేదని అడిగేవాళ్ల చేతిలో నేను పెట్టేది రీడింగే.

ఇంకా ఆర్కైవ్ కచేరీలు వచ్చాయా?

వచ్చాయి. 'బ్లీచ్' ఇరవయ్యేళ్ల ఎడిషన్‌లో 1990 ఫిబ్రవరి 9 నాటి పోర్ట్‌లండ్ కచేరీ ఉంది. అప్పటికి డేవ్ గ్రోల్ చేరలేదు, డ్రమ్స్ చాడ్ చానింగ్. ఆ ఎడిషన్ కూడా 2009 నవంబర్‌లోనే వచ్చింది. 2021లో 'నెవర్‌మైండ్' ముప్పయ్యేళ్ల బాక్స్‌లో ఆమ్‌స్టర్‌డ్యామ్, డెల్ మార్, మెల్‌బోర్న్, టోక్యో కచేరీలు నాలుగు వచ్చాయి. 2023లో 'ఇన్ యుటెరో' ముప్పయ్యేళ్ల బాక్స్‌లో లాస్ ఏంజెలెస్, సియాటిల్ కచేరీలు రెండు చేరాయి. వీటిలో ముందు ఆమ్‌స్టర్‌డ్యామ్ వినండి. రీడింగ్‌కి తొమ్మిది నెలల ముందు, 1991 నవంబర్ 25న, పారడిసో అనే హాల్లో వాయించింది. చిన్న హాల్లో ఇవే పాటలు ఎంత దగ్గరగా, ఎంత కోపంగా వినిపించేవో దాంట్లో తెలుస్తుంది.